బొమ్మ ముందా, ధర ముందా?

లక్ష దాటిన టీవీ కొనే ఇళ్లలో మాట రెండు దారులు పడుతుంది. జేబు చూసుకుని బొమ్మతో సర్దుకుందామనే వాళ్లు కొందరు, బొమ్మ చూసుకుని ఖర్చుతో సర్దుకుందామనే వాళ్లు కొందరు. ఇద్దరి దగ్గరా న్యాయముంది. షోరూములో నిలబడ్డ పావుగంటలో మాత్రం ఆ న్యాయం తేలదు. అందుకే ఈ వాదనను తీరిగ్గా, ఇద్దరి నోటా వినాలి. ఒకరు విజయవాడలో ఉంటున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. రెండో అతను ఆయన మేనల్లుడు, హైదరాబాద్‌లో సినిమాలకు రంగులు కుదిర్చే డీఐ కలరిస్టు. హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీ తీసేసి సంక్రాంతిలోపు పెద్దది పెట్టాలన్నంత వరకే ఇద్దరికీ ఏకాభిప్రాయం.

మామయ్య: నిన్న బందరు రోడ్డులో షోరూములు తిరిగొచ్చాను అల్లుడూ. 65 అంగుళాల ఓఎల్ఈడీ, పక్కనే 65 అంగుళాల మామూలు ఎల్ఈడీ పెట్టారు. రెంటికీ ధరలో లక్ష తేడా. చాలాసేపు నిలబడి చూశాను. మామూలుదే నాకు ఎక్కువ కళగా కనిపించింది. కళ్లకు కనపడని తేడాకు లక్ష ఎందుకు పొయ్యాలి?

మేనల్లుడు: కనపడకపోవడం మీ కళ్ల తప్పు కాదు మామయ్యా, చూసిన చోటు అలాంటిది. నెత్తిన అన్ని లైట్లు వెలుగుతుంటాయి. టీవీలన్నీ డెమో మోడ్‌లో ఉంటాయి. వెలుతురు పూర్తిగా పెంచి, రంగులు ముదురు చేసి, తెలుపును నీలం వైపు లాగి పెడతారు. వేసే వీడియోలో పూలు, చిలకలు, సముద్రం తప్ప ఒక్క చీకటి దృశ్యం ఉండదు. అత్తయ్య పట్టుచీర కొనేటప్పుడు ఏం చేస్తుంది? కొట్టు గుమ్మం దాకా తెచ్చి, ఎండ వెలుగులో రంగు చూసుకుంటుంది. టీవీని అలా బయటికి తెచ్చుకోలేం కాబట్టి రిమోట్ అడిగి తీసుకోవాలి.

మామయ్య: తీసుకుని?

మేనల్లుడు: రెండు టీవీలనూ ఒకే పిక్చర్ మోడ్‌లో పెట్టించాలి. సినిమా మోడ్ గానీ, ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ. ఈ ఫిల్మ్‌మేకర్ మోడ్‌ను 2019లో యూహెచ్‌డీ అలయన్స్ ప్రకటించింది. టీవీ తన సొంత మెరుగులు దిద్దకుండా, దర్శకుడు ఒప్పుకున్న రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించడం దాని పని. తర్వాత మనకు బాగా తెలిసిన సినిమాలో ఒక రాత్రి దృశ్యం, ఒక క్రికెట్ మ్యాచ్ ముక్క రెండిట్లోనూ వేయించాలి. పది అడుగులు వెనక్కి వచ్చి ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి చూడాలి.

మామయ్య: సినిమా మోడ్ పెడితే బొమ్మ పసుపు కొట్టినట్టుంటుంది రా.

మేనల్లుడు: కాసేపే అలా ఉంటుంది. అప్పటిదాకా నీలం తెలుపు చూసిన కన్ను సర్దుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. మా డీఐ గదిలో మానిటర్ తెలుపు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది. హీరోయిన్ చర్మం రంగు, పెళ్లి సీన్లో పసుపు, దీపం వెలుగు అన్నీ ఆ తెలుపును బట్టే కుదురుస్తాం. ఇంట్లో టీవీ తెలుపు మారిందంటే మేం కుదిర్చినవన్నీ మారినట్టే.

మామయ్య: మీ గదిలో అది సరే. నేను చూసేది ఈ హాల్లో. తూర్పు వైపు పెద్ద కిటికీ. పొద్దున్న ఆరింటికి తెర తీస్తే వార్తలు మొదలు. మధ్యాహ్నం క్రికెట్. సాయంత్రం మీ అత్తయ్య సీరియళ్లు. లైట్లు ఆర్పుకుని చూసేదల్లా రాత్రి ఏ పాత సినిమానో వేసుకున్నప్పుడు. రోజులో ఆ కాసేపటి కోసం లక్ష అంటావా?

మేనల్లుడు: ఆ కాసేపే మనసు పెట్టి చూసేది. సినిమా అయ్యాక నల్లటి తెర మీద తెల్లటి పేర్లు పైకి వెళ్తుంటాయి కదా, అప్పుడు గమనించండి. తక్కువ ధర ఎల్ఈడీలో వెనక దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ముందున్న ఎల్‌సీడీ తలుపులు ఆ వెలుగును పూర్తిగా ఆపలేవు. అందుకని నలుపంతా బూడిద రంగులో ఉంటుంది. ఓఎల్ఈడీలో వెనక దీపమే లేదు. ప్రతి పిక్సెల్ తనంతట తనే వెలుగుతుంది, అక్కర్లేనప్పుడు ఆరిపోతుంది. 1987లో కోడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ఇలా తనంతట తనే వెలిగే పదార్థంతో పనిచేసే దీపం చేసి చూపించారు. అది 55 అంగుళాల టీవీగా ఎల్జీ నుంచి బజారుకు వచ్చేసరికి 2013 అయింది. మీరు ఇచ్చే డబ్బు ఆ నలుపు కోసం.

మామయ్య: మరి మినీ ఎల్ఈడీ అని ఇంకొకటి చూపించాడు. వెనక చిన్న చిన్న దీపాలు వేలల్లో ఉంటాయట, చీకటి ఉన్న చోటివి ఆర్పేస్తుందట.

మేనల్లుడు: అది నిజమే. 2019లో టీసీఎల్ ఆ రకం టీవీ అమ్మకానికి తెచ్చింది, తర్వాత అందరూ చేస్తున్నారు. కానీ లెక్క చూడండి. 4కే తెరలో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. వెనక దీపాలను వెయ్యి జోన్లుగా విడదీశారనుకుంటే, ఒక్కో జోన్ చేతిలో 8 వేలకు పైగా పిక్సెళ్లు. వాటిలో ఒక్క నక్షత్రం వెలగాల్సి వచ్చినా ఆ జోన్ మొత్తం వెలగాలి. అందుకే చీకటి దృశ్యంలో చంద్రుడి చుట్టూ, తెల్లటి సబ్‌టైటిల్ చుట్టూ పల్చటి వెలుగు కమ్ముతుంది.

మామయ్య: ఆ వెలుగు కనపడాలంటే గది చీకటిగా ఉండాలిగా? కిటికీ తెరిచి ఉంటే ఆ వెలుతురు తెర మీద పడి ఏ టీవీ నలుపైనా పలచబడిపోతుంది. నీ ఓఎల్ఈడీ పగటిపూట తన గొప్ప ఎక్కడ చూపిస్తుంది? పైగా తెరంతా తెల్లగా ఉండే బొమ్మ వస్తే దాని వెలుతురు తగ్గిపోతుందని అమ్మే కుర్రాడే చెప్పాడు.

మేనల్లుడు: మంచి కుర్రాడు, నిజం చెప్పాడు. ఓఎల్ఈడీలో తెరంతా వెలగాల్సి వస్తే కరెంటూ వేడీ పెరుగుతాయి కనుక టీవీయే వెలుతురు తగ్గించుకుంటుంది. ప్రకటనల్లో నిట్స్‌లో రాసే వెలుతురు అంకె చాలాసార్లు తెరలో పదో వంతు భాగం మాత్రమే వెలిగించి కొలిచింది. ఎండ పడే హాల్లో మంచి మినీ ఎల్ఈడీదే పైచేయి, కాదనను. అయితే మీరు చూసిన మామూలు ఎల్ఈడీకి ఆ వెలుతురూ లేదు, ఆ జోన్లూ లేవు. దాని డబ్బా మీద హెచ్‌డీఆర్ అని మాత్రం ఉంటుంది, అంటే మామూలు కన్నా ఎక్కువ మెరుపున్న బొమ్మ. మామూలు ప్రసారానికి మేం 100 నిట్స్ దగ్గర గ్రేడింగ్ చేస్తాం, హెచ్‌డీఆర్‌కు ఎక్కువగా 1000 నిట్స్ దగ్గర. 300 నిట్స్ దాటలేని టీవీ ఆ సిగ్నల్‌ను తీసుకుంటుంది గానీ అందులోని మెరుపును చూపించలేదు.

మామయ్య: సరే, మామూలుది పక్కన పెట్టాను. ఇక ఓఎల్ఈడీకీ మినీ ఎల్ఈడీకీ మధ్య తేల్చుకుందాం. మన వార్తా ఛానెల్ తెర ఒకసారి తలుచుకో. మూల ఛానెల్ గుర్తు, కింద రెండు వరుసల స్క్రోలింగ్, దాని మీద ఎర్ర పట్టీలో బ్రేకింగ్ న్యూస్. పొద్దుట్నుంచీ అవి అక్కడే ఉంటాయి. ఓఎల్ఈడీ మీద వాటి మచ్చ పడిపోతుందంటారు. నిజమా, పుకారా?

మేనల్లుడు: నిజమే. కెనడాలో టీవీలను పరీక్షించే ఆర్‌టింగ్స్ సంస్థ 2018లో ఆరు ఎల్జీ ఓఎల్ఈడీలను రోజుకు 20 గంటల చొప్పున నడిపింది. సీఎన్ఎన్ వార్తలు వేసిన వాటిలో మచ్చలు స్పష్టంగా పడ్డాయి. రకరకాల కార్యక్రమాలు వేసినవి చాలా మెరుగ్గా నిలిచాయి. ఆ తర్వాత ప్యానెళ్లు బాగుపడ్డాయి. గుర్తు ఉన్నచోట వెలుతురు తగ్గించడం, బొమ్మను కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ జరపడం లాంటి జాగ్రత్తలూ పెట్టారు. అయినా పిక్సెల్ వాడేకొద్దీ అరుగుతుంది. ఒకే చోట ఎక్కువ అరిగితే అది మచ్చ. వారంటీ కాగితంలో దీని గురించి ఏం రాశారో కొనే ముందే చదువుకోవాలి.

మామయ్య: అయితే నా ఇంటికి అది పనికిరాదని నువ్వే ఒప్పుకున్నట్టు.

మేనల్లుడు: మీ వార్తలకు పనికిరాదు. మన పండక్కి పనికొస్తుంది. సంక్రాంతికి ఇంటినిండా జనం. సోఫాలో ముగ్గురు, మిగతావాళ్లంతా దివాన్ మీద, చాప మీద, తలుపు దగ్గర కుర్చీల్లో. ఎల్‌సీడీల్లో వీఏ అనే రకం ప్యానెల్‌కు నలుపు బాగుంటుంది గానీ పక్కనుంచి చూస్తే రంగు పాలిపోతుంది. ఐపీఎస్ రకానికి పక్క నుంచి బాగుంటుంది, నలుపు పోతుంది. మినీ ఎల్ఈడీ టీవీ లోపల కూడా ఈ రెండింట్లో ఏదో ఒకటే ఉంటుంది. ఓఎల్ఈడీకి ఆ బాధ లేదు, చాప మీద పిల్లలకూ సోఫాలో మీకూ ఒకే బొమ్మ.

మామయ్య: ఇది మాత్రం నేను ఆలోచించలేదు. అమ్మేవాళ్లు మనల్ని ఎప్పుడూ ఎదురుగానే నిలబెడతారు.

మేనల్లుడు: క్రికెట్‌లో కూడా చూడాల్సిందొకటుంది. బంతి బౌండరీ వైపు వెళ్తుంటే కెమెరా దాని వెంట తిరుగుతుంది. ఆ పచ్చటి మైదానం మీద నిలువుగా మురికి చారల్లాంటివి కదలకుండా నిలబడతాయి కొన్ని టీవీల్లో. వెనక దీపాల వెలుతురు అంతటా సమానంగా పరుచుకోకపోవడం వల్ల అలా అవుతుంది. నిలిచి ఉన్న బొమ్మలో అది తెలియదు. అందుకే మ్యాచ్ ముక్క వేయించమన్నాను.

మామయ్య: ఇంకా ఏం తెలియదు అక్కడ?

మేనల్లుడు: ప్రాసెసర్ పని. మనం చూసే ఎస్‌డీ ఛానెల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4 లక్షల చిల్లర పిక్సెళ్లు. 4కే తెరలో దానికి సరిగ్గా 20 రెట్లున్నాయి. అంటే తెర మీది ప్రతి 20 పిక్సెళ్లలో 19 టీవీ ఊహించి గీసినవే. ఆ ఊహ బాగుంటే ముఖం ముఖంలా ఉంటుంది, లేకపోతే మైనం పూసినట్టుంటుంది. సోనీ తన ఓఎల్ఈడీల్లో చాలావాటికి ఎల్జీ డిస్‌ప్లే చేసిన ప్యానెళ్లే వాడుతుంది. అయినా రెండు కంపెనీల టీవీల్లో బొమ్మ ఒకేలా ఉండదు, తేడా ఈ ఊహలోనే. మీరు చూసే పాత సినిమాలకు ఇది ప్రాణం.

మామయ్య: పాత సినిమాల్లో మరో ఇబ్బంది. మాయాబజార్ వేస్తే రెండు పక్కలా ఖాళీ. తెర నింపమని నొక్కితే అందరూ లావైపోతారు.

మేనల్లుడు: నింపకండి మామయ్యా. 1957 నాటి సినిమా ఆకారం నాలుగుకి మూడు, ఇప్పటి తెర పదహారుకి తొమ్మిది. పావు వంతు తెర ఖాళీగానే ఉండాలి. ఓఎల్ఈడీలో ఆ ఖాళీ చీకటిలో కలిసిపోతుంది, మంచి మినీ ఎల్ఈడీలో కూడా దాదాపు కలిసిపోతుంది. ఇంకొకటి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్యలో తను కల్పించినవి చొప్పిస్తే సినిమా కాస్తా సీరియల్‌లా జారిపోతుంది.

మామయ్య: ఇప్పుడు నా వంతు. నీకు రంగు తెలిసినట్టే నాకు రూపాయి తెలుసు. 65 అంగుళాల ఓఎల్ఈడీ డబ్బుతో 75 అంగుళాల మంచి మినీ ఎల్ఈడీ వస్తుంది, కొన్నిచోట్ల ఇంకా మిగులుతుంది. తెర వైశాల్యం మూడో వంతు ఎక్కువ. మన సోఫా నుంచి గోడ పది అడుగులు. ఆ దూరానికి ఎంత తెర కావాలి?

మేనల్లుడు: సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ లెక్కలో తెర మన చూపులో 30 డిగ్రీలు నిండాలి. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు, దానికి 9 అడుగుల లోపు కూర్చోవాలి. పది అడుగులకు సరిపోయేది 75. ఈ ఒక్క దగ్గర మీ లెక్క గట్టిది. 65 అంగుళాల 4కే తెరలో ఒక్కో పిక్సెల్‌ను మామూలు చూపు విడిగా గుర్తుపట్టాలంటే 4 అడుగుల దగ్గరికి రావాలి. అంటే మన సోఫాలో కూర్చున్నవాళ్లకు 8కే దండగ. పిక్సెళ్ల సంఖ్యకు డబ్బు పెట్టే రోజులు పోయాయి. నలుపుకూ, వెలుతురుకూ, ప్రాసెసర్‌కూ, సైజుకూ పెట్టాలి.

మామయ్య: అలా చెప్పు. ఇక ధర పోల్చడం ఎలాగో విను. మొదటిది, ఎంఆర్‌పీ మీద 50 శాతం తగ్గింపు అన్న బోర్డు చూడనే చూడకు. ఆ ధరకు అమ్మే ఉద్దేశం ఎవరికీ లేదు. చేతికిచ్చే బిల్లు మీద ఎంత, అదొక్కటే ధర. రెండోది, పాత ధరలతో పోల్చేవాళ్లు పన్ను సంగతి మర్చిపోతారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కాకుండా లక్ష ఉన్న టీవీ అప్పుడు లక్షా 28 వేలు, ఇప్పుడు లక్షా 18 వేలు. పది శాతం తగ్గిందంటారు గానీ బిల్లులో తగ్గేది 8 శాతం లోపే. అంతకన్నా తగ్గితే అది కొట్టువాడో కంపెనీయో ఇచ్చింది, అంతకన్నా తక్కువ తగ్గితే ఎందుకని అడగాలి.

మేనల్లుడు: నో కాస్ట్ ఈఎమ్ఐ మాటేమిటి?

మామయ్య: ఖర్చు లేని అప్పు ఈ భూమ్మీద లేదు. 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే సున్నా వడ్డీ అనేది లేదని బ్యాంకులకు రాసింది. నెలకు 10 వేలు, 12 నెలలు, మొత్తం లక్షా 20 వేలు అన్నాడనుకో. రొక్కమిస్తే ఎంతకిస్తావని అడుగు. లక్షా 14 వేలు అంటే నీ వడ్డీ 6 వేలు. అది చూడ్డానికి 5 శాతంలా ఉంటుంది. కానీ అసలు నెలనెలా తీరిపోతుంటుంది కాబట్టి నిజంగా పడే వడ్డీ ఏడాదికి తొమ్మిదిన్నర శాతం పైనే. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు, దానికి పన్ను. కట్టగలిగితే కట్టు, తప్పులేదు. ఊరికే వచ్చిందని మాత్రం అనుకోకు.

మేనల్లుడు: ధర పోల్చడంలో నాది కూడా ఒక మాట. పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. 2023లో శాంసంగ్ ఎస్90సీ అనే ఓఎల్ఈడీ వచ్చింది. 55, 65, 77 అంగుళాల వాటిలో క్వాంటమ్ డాట్ ఓఎల్ఈడీ ప్యానెల్, 83 అంగుళాల దాంట్లో వేరే రకం ఓఎల్ఈడీ. పేరు మాత్రం ఒకటే. కాబట్టి వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు మొత్తం, అక్షరాలతో సహా రాసుకుని రెండు కొట్లలో అదే నంబరుకు ధర అడగాలి. ఎల్జీలో సీ3 అంటే 2023ది, సీ4 అంటే 2024ది. కొత్తది వచ్చిన కొద్ది నెలల్లో పాతదాని ధర బాగా దిగుతుంది. బొమ్మలో తేడా మాత్రం చాలాసార్లు అంత ఉండదు.

మామయ్య: అదీ తెలివైన కొనుగోలంటే. బజారంతా కొత్త మోడల్ వెంట పడినప్పుడు పోయినేడాది మోడల్ అడగాలి. ఇంటికి చేర్చడం, గోడకు బిగించడం, స్టాండు, ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా ధరలో కలిపి పోల్చాలి. ఇంటికొచ్చిన డబ్బాను తెచ్చినవాళ్ల ముందే విప్పించి, టీవీ వెలిగించి, తెర పగల్లేదని చూసుకున్నాకే సంతకం పెట్టాలి. విరిగిన ప్యానెల్‌కు మామూలు వారంటీ వర్తించదు.

మేనల్లుడు: ఇన్ని పెట్టి కొన్నాక అందులో ఏం చూస్తామన్నది కూడా ధరలో భాగమే. నెట్‌ఫ్లిక్స్‌లో 4కే కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి, సెకనుకు 15 మెగాబిట్లయినా నెట్ రావాలి. 2019 ఏప్రిల్‌లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్‌లో రాత్రి యుద్ధం ఎపిసోడ్ వచ్చినప్పుడు ఏమీ కనపడలేదని ప్రపంచమంతా గోల చేసింది. చీకటిగా తీయడం దర్శకుడి ఉద్దేశమే. కానీ నెట్‌లో వచ్చేటప్పుడు కుదించిన బొమ్మలో చీకటి గళ్లు గళ్లుగా విడిపోయింది. పల్చటి సిగ్నల్‌ను ఏ టీవీ కూడా పూర్తిగా బాగుచేయలేదు. డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రకంలో సినిమాలు ఎక్కువ చూసేవాళ్లు, శాంసంగ్ టీవీలు దాన్ని తీసుకోవని, దానికి బదులు హెచ్‌డీఆర్10 ప్లస్‌ను తీసుకుంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

మామయ్య: అయితే తీర్పు చెప్పు. నా హాలు, నా కిటికీ, నా వార్తలు, నా పది అడుగులు.

మేనల్లుడు: 75 అంగుళాల మినీ ఎల్ఈడీ, పోయినేడాది మోడల్. వందల్లో జోన్లుండాలి, ప్రాసెసర్ మంచిదై ఉండాలి, పక్కనుంచి చూసినప్పుడు రంగు నిలబడాలి. పండక్కి వచ్చేవాళ్ల కోసం ఆ మూడోది షోరూములోనే పరీక్షించండి. చవక ఎల్ఈడీ కన్నా 40 వేలో 50 వేలో ఎక్కువే పడొచ్చు. ఆ డబ్బు దాచుకుంటే మాత్రం పెద్ద తెర మీద పెద్ద లోపాలే చూస్తారు.

మామయ్య: ఎక్కువైనా పెడతాను. ఎందుకు పెడుతున్నానో ఇప్పుడు తెలిసింది. మరి నీ ఫ్లాట్‌కి?

మేనల్లుడు: నాది ఓఎల్ఈడీయే. నేను పగలు టీవీ పెట్టను, వార్తలు ఫోన్లో చదువుతాను. రాత్రి లైట్లార్పి సినిమా చూస్తాను. 65కే వస్తుంది నా డబ్బు, సోఫా ఇంకో అడుగు ముందుకు జరుపుకుంటాను. రాత్రి చూసే సినిమాకు పగటి వార్తలకన్నా ఎక్కువ విలువివ్వాలని నేను ఇప్పటికీ అంటాను.

మామయ్య: నేను ఒప్పుకోను. పొద్దుట్నుంచీ కళ్లెదుట ఉండే బొమ్మకే ఎక్కువ విలువ. కానీ నీ ఇంటికి నీ లెక్క సరైందే. ఇద్దరం ఒకే టీవీ కొనివుంటే ఒకడు తప్పకుండా నష్టపోయేవాడు. ఎల్లుండి షోరూముకు నువ్వూ రా. నేను రొక్కం ధర అడుగుతాను, నువ్వు రిమోట్ అడుగు.